ఇంటి కంప్యూటర్ల మధ్య ఫైళ్ల షేరింగ్: ఒక్కసారి సరిగ్గా పెట్టుకుంటే చాలు

ఒక కంప్యూటర్లో ఉన్న ఫొటోలో, పాఠాల పీడీఎఫ్‌లో పక్క గదిలోని ఇంకో కంప్యూటర్లో కావాలంటే చాలామంది ఇప్పటికీ పెన్‌డ్రైవ్ వెతుక్కుంటారు. లేదంటే తమ మెయిల్‌కి తామే పంపుకుంటారు. రెండు కంప్యూటర్లూ ఒకే రూటర్‌కి కనెక్ట్ అయి ఉంటే ఈ తిప్పలేవీ అక్కర్లేదు. ఒక ఫోల్డర్‌ని షేర్ చేస్తే రెండో కంప్యూటర్లో అది సొంత ఫోల్డర్‌లాగే తెరుచుకుంటుంది. ఫైలు రూటర్ దాటి బయటికి పోదు కాబట్టి ఆ సమయానికి ఇంటర్నెట్ లేకపోయినా పని ఆగదు, డేటా కూడా ఖర్చు కాదు.

దీని వెనక పనిచేసే పద్ధతిని ఎస్ఎంబి అంటారు. 1980లలో ఐబీఎంలో పుట్టింది. ఇవాళ విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ దీన్ని అర్థం చేసుకుంటాయి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు.

అయితే నెట్‌లో వెతికితే ఎక్కువగా కనిపించే సలహా ఒకటుంది: "పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేయండి, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి". దయచేసి అలా చేయకండి. మీ వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఫోనూ, ప్రతి ల్యాప్‌టాప్ ఆ ఫోల్డర్‌లో ఏదైనా మార్చగలవు, చెరిపేయగలవు. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పట్టిన ఒక్క ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌లోకి వస్తే, రాసే హక్కు ఉన్న షేర్డ్ ఫోల్డర్లన్నిటికీ అది తాళం వేసేస్తుంది. పైగా కొత్త విండోస్‌లు చాలావరకు పాస్‌వర్డ్ లేని కనెక్షన్‌ని ఒప్పుకోవు. అంటే రక్షణ పోగొట్టుకున్నా పని జరుగుతుందన్న నమ్మకం లేదు. ఈ వ్యాసంలో చెప్పేది వేరే దారి: షేరింగ్ కోసమే ఒక ఖాతా, షేరింగ్ కోసమే ఒక ఫోల్డర్. పెట్టుకోవడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఆ తర్వాత వచ్చే టెన్షన్ చాలావరకు తప్పుతుంది.

ఒక్క ఫైలు ఒక్కసారి పంపాలంటే

రోజూ అవసరం లేదు, ఇప్పుడు ఒక్కసారి పంపితే చాలు అంటే ఇంత ఏర్పాటు దండగ. రెండూ విండోస్ అయితే 'నియర్‌బై షేరింగ్', రెండూ ఆపిల్‌వి అయితే 'ఎయిర్‌డ్రాప్' వాడండి. ఒకటి విండోస్, ఒకటి మ్యాక్, మధ్యలో ఆండ్రాయిడ్ ఫోన్ అంటే 'లోకల్‌సెండ్' అనే ఉచిత యాప్ బాగుంటుంది. అన్నిట్లో పనిచేస్తుంది, ఖాతా అడగదు. రోజూ వాడే ఫైళ్లు ఒకచోట ఉండి, ఇంట్లో అందరికీ అందాలంటే మాత్రం కింది పద్ధతికి రండి.

మొదటి పని: రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూడండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా ఫెయిల్యూర్లకు మూలం ఇక్కడే ఉంటుంది. ఒక కంప్యూటర్ మామూలు వైఫైలో, ఇంకొకటి 'గెస్ట్' వైఫైలో ఉంటే అవి ఒకదానికొకటి కనబడవు. గెస్ట్ నెట్‌వర్క్ పెట్టేదే అందుకు. అలాగే ఇంట్లో రెండు రూటర్లు ఉండి, రెండోది తన సొంత నెట్‌వర్క్ నడుపుతుంటే కూడా ఇదే సమస్య. అప్పుడు రెండో రూటర్‌ని 'యాక్సెస్ పాయింట్ మోడ్'లోకి మార్చాలి. ఒక కంప్యూటర్ కేబుల్‌తో, ఇంకొకటి వైఫైతో ఉన్నా ఫర్వాలేదు, రూటర్ ఒకటే అయితే చాలు.

పరీక్షించడం తేలిక. రెండు కంప్యూటర్లలోనూ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిచి 'ఐపీవీ4 అడ్రస్' చూడండి. ఇళ్లల్లో అది సాధారణంగా 192.168తో మొదలవుతుంది, కొన్ని రూటర్లలో 10తో మొదలవుతుంది. ఒకటి 192.168.1.5, ఇంకొకటి 192.168.1.9 అయితే బాగున్నట్టే. ఒకటి 192.168.1.5 అయి ఇంకొకటి 192.168.0.9 అయితే అవి వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నాయనుకోవచ్చు. కంప్యూటర్లో వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకల్ని గుట్టుగా వేరే దారిలో పంపే ఏర్పాటు) నడుస్తుంటే ముందు దాన్ని ఆపండి. కొన్ని వీపీఎన్‌లు ఇంటి నెట్‌వర్క్‌కి దారి మూసేస్తాయి.

ఫైళ్లు ఉండే కంప్యూటర్‌ని సిద్ధం చేయడం

ఫైళ్లు ఏ కంప్యూటర్లో ఉండాలో ముందు నిర్ణయించుకోండి. ఎక్కువసేపు ఆన్‌లో ఉండేది, వీలైతే కేబుల్‌తో రూటర్‌కి కలిసి ఉండేది మంచిది. బ్యాగులో పెట్టుకుని బయటికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్ దీనికి పనికిరాదు. ఇక్కడ విండోస్ 11 ప్రకారం చెబుతున్నాను. విండోస్ 10లో షేరింగ్ ఆప్షన్లు కంట్రోల్ ప్యానెల్‌లోని 'నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్'లో ఉంటాయి.

సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్' తెరవండి. మీరు వాడుతున్న వైఫై లేదా ఈథర్నెట్ (కేబుల్) ప్రాపర్టీస్‌లోకి వెళ్లి నెట్‌వర్క్ రకాన్ని 'ప్రైవేట్' చేయండి. విండోస్ కొత్త నెట్‌వర్క్‌ని తనంతట తాను 'పబ్లిక్'గా పెడుతుంది. బయట ఉన్నప్పుడు అది మంచిదే. ఇంట్లో మాత్రం ఆ గుర్తు వల్లే ఫైర్‌వాల్ మీ రెండో కంప్యూటర్‌ని గుమ్మంలోనే ఆపేస్తుంది.

తర్వాత 'అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్'లో 'అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్'కి వెళ్లండి. ప్రైవేట్ నెట్‌వర్క్స్ కింద 'నెట్‌వర్క్ డిస్కవరీ', 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' రెండూ ఆన్ చేయండి. కింద 'ఆల్ నెట్‌వర్క్స్'లో 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' ఆన్‌లోనే ఉండాలి. పబ్లిక్ నెట్‌వర్క్స్ కింద ఏమీ ఆన్ చేయకండి.

'సిస్టమ్'లో 'అబౌట్' తెరిచి కంప్యూటర్‌కి ఒక పొట్టి పేరు పెట్టండి. విండోస్ ఇచ్చే పేరు గజిబిజి అక్షరాలతో ఉంటుంది, గుర్తుండదు. ఖాళీలు లేకుండా 15 ఇంగ్లిష్ అక్షరాల లోపు ఉంటే మంచిది. పేరు మార్చాక రీస్టార్ట్ చేయాలి.

'పవర్' సెట్టింగ్స్‌లో, ప్లగ్‌లో ఉన్నప్పుడు స్లీప్‌లోకి వెళ్లకుండా 'నెవర్' పెట్టండి. స్క్రీన్ ఆరిపోవచ్చు, కంప్యూటర్ నిద్రపోకూడదు. "పొద్దున పనిచేసింది, సాయంత్రం కనబడటం లేదు" అనే ఫిర్యాదులో చాలాసార్లు కారణం ఈ స్లీపే.

షేరింగ్ కోసమే ఒక ఖాతా

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. జనం ఎక్కువగా విసిగిపోయేది కూడా ఇక్కడే, కాబట్టి కారణం అర్థం చేసుకోండి.

రెండో కంప్యూటర్ నుంచి ఫోల్డర్ తెరవబోతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అడిగేది ఫైళ్లు ఉన్న కంప్యూటర్ ఖాతాని, మీరు కూర్చున్న కంప్యూటర్ ఖాతాని కాదు. ఇక్కడే మొదటి తికమక. ఇవాళ చాలామంది కంప్యూటర్ తెరిచేది నాలుగంకెల పిన్‌తోనో, ముఖం చూపించో, వేలిముద్రతోనో. పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం, నెట్‌వర్క్ మీద అది పనిచేయదు. మైక్రోసాఫ్ట్ ఖాతా వాడుతుంటే యూజర్‌నేమ్‌గా పూర్తి మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్‌గా ఆ ఖాతా అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. అది చాలామందికి గుర్తుండదు. గుర్తున్నా ఇంట్లో అందరి కంప్యూటర్లలో మీ మెయిల్ పాస్‌వర్డ్ టైపు చేసి సేవ్ చేయడం మంచి పని కాదు. ఇక పాస్‌వర్డే లేని లోకల్ ఖాతా ఉంటే, విండోస్ దాన్ని నెట్‌వర్క్ మీద లోపలికి రానివ్వదు.

ఈ చిక్కులన్నిటికీ ఒకటే విరుగుడు. ఫైళ్లు ఉండే కంప్యూటర్లో 'అకౌంట్స్'లో 'అదర్ యూజర్స్' తెరిచి 'యాడ్ అకౌంట్' నొక్కండి. మెయిల్ అడిగితే, ఆ వ్యక్తి సైన్ఇన్ వివరాలు మీ దగ్గర లేవని చెప్పే లింకు నొక్కండి. తర్వాతి తెరలో 'మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా యూజర్‌ని చేర్చు' అనే అర్థం వచ్చే లింకు ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో 'షేర్' లాంటి ఒక పేరు, గట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. ఖాతా రకం 'స్టాండర్డ్ యూజర్'గానే ఉంచండి, అడ్మినిస్ట్రేటర్ చేయకండి. ఈ ఖాతాతో ఎవరూ ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అవ్వరు. ఫైళ్ల తలుపు తెరవడానికే ఇది. రేపు పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిసిపోయినా మార్చాల్సింది ఇదొక్కటే. మీ మెయిల్ జోలికి ఎవరూ రాలేరు.

ఫోల్డర్‌ని షేర్ చేయడం

మొత్తం సి డ్రైవ్‌ని షేర్ చేయకండి. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ కూడా వద్దు. ఆ ఫోల్డర్లు మీ సొంత ఖాతా కింద ఉంటాయి, పర్మిషన్ల గొడవ వస్తుంది. పైగా అవి వన్‌డ్రైవ్‌తో (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజీతో) ముడిపడి ఉంటే కొన్ని ఫైళ్లు అసలు మీ డిస్క్‌లో ఉండకపోవచ్చు. డి డ్రైవ్ ఉంటే అందులో, లేకపోతే సి డ్రైవ్ మొదట్లోనే కొత్త ఫోల్డర్ చేయండి. తర్వాత ఇలా:

1. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్', అందులో 'షేరింగ్' ట్యాబ్, అందులో 'అడ్వాన్స్‌డ్ షేరింగ్' తెరవండి.
2. 'షేర్ దిస్ ఫోల్డర్' టిక్ చేయండి. షేర్ నేమ్ పొట్టిగా, ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉంచండి. ఫోల్డర్ లోపలి ఫైళ్లకు తెలుగు పేర్లు నిక్షేపంగా పెట్టుకోవచ్చు.
3. 'పర్మిషన్స్' నొక్కండి. అక్కడున్న 'ఎవ్రీవన్'ని తీసేయండి. 'యాడ్' నొక్కి ఇందాక చేసిన ఖాతా పేరు ఇవ్వండి. 'రీడ్', 'చేంజ్' టిక్ చేయండి. 'ఫుల్ కంట్రోల్' అవసరం లేదు, అది పర్మిషన్లను కూడా మార్చే హక్కు ఇస్తుంది.
4. ఓకే చేసి వెనక్కి వచ్చి 'సెక్యూరిటీ' ట్యాబ్ తెరవండి. అక్కడ కూడా 'ఎడిట్' నొక్కి అదే ఖాతాని చేర్చి 'మోడిఫై' ఇవ్వండి.

నాలుగో మెట్టుని చాలామంది వదిలేస్తారు. విండోస్‌లో నెట్‌వర్క్ నుంచి వచ్చేవాళ్లకు రెండు గేట్లుంటాయి. ఒకటి షేర్ పర్మిషన్, రెండోది డిస్క్ మీది సెక్యూరిటీ పర్మిషన్. రెండింటిలో ఏది ఎక్కువ కట్టడి చేస్తే అదే చెల్లుతుంది. షేర్‌లో 'చేంజ్' ఇచ్చినా సెక్యూరిటీలో 'రీడ్' మాత్రమే ఉంటే ఫైలు తెరుచుకుంటుంది, సేవ్ మాత్రం కాదు.

పిల్లలు చూడాలి కానీ మార్చకూడదు అనుకుంటే ఇంకో ఖాతా చేసి దానికి 'రీడ్' మాత్రమే ఇవ్వండి. ఫొటోల ఫోల్డర్‌కి ఇది చాలా మంచి ఏర్పాటు.

రెండో కంప్యూటర్ నుంచి తెరవడం

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు 'నెట్‌వర్క్' నొక్కితే కంప్యూటర్ కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. ఆ జాబితాని నమ్ముకుని కూర్చోకండి. పైన అడ్రస్ బార్‌లో నేరుగా టైపు చేయడమే నమ్మకమైన దారి. ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు (\\), వెంటనే ఆ కంప్యూటర్ పేరు, ఇంకో బ్యాక్‌స్లాష్, తర్వాత షేర్ నేమ్. మధ్యలో ఖాళీలు లేకుండా టైపు చేసి ఎంటర్ నొక్కండి. యూజర్‌నేమ్ అడిగిన చోట ముందు ఆ కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత షేరింగ్ ఖాతా పేరు ఇవ్వండి. అలా ఇస్తే ఏ కంప్యూటర్ ఖాతా అన్న సందేహం విండోస్‌కి రాదు. 'రిమెంబర్ మై క్రెడెన్షియల్స్' టిక్ చేస్తే మళ్లీ అడగదు.

తెరుచుకుందా? అయితే దానికి ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చేయండి. 'దిస్ పీసీ' తెరిచి, పైన మూడు చుక్కల మెనూలో 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్' నొక్కి, అదే చిరునామా ఇచ్చి, 'రీకనెక్ట్ ఎట్ సైన్ఇన్' టిక్ చేయండి. ఇక నుంచి అది జెడ్ డ్రైవ్‌గా ఎప్పుడూ కనిపిస్తుంది. ఇంట్లో కంప్యూటర్ అంతగా తెలియని పెద్దవాళ్లకు కూడా "జెడ్ డ్రైవ్‌లో ఉంది" అంటే చాలు.

ఫోన్ నుంచి కూడా వస్తుంది. ఐఫోన్‌లో 'ఫైల్స్' యాప్‌లోని మూడు చుక్కల మెనూలో 'కనెక్ట్ టు సర్వర్' ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఎస్ఎంబి సౌకర్యం ఉన్న ఫైల్ మేనేజర్ యాప్ ఒకటి పెట్టుకోవాలి.

తెరుచుకోకపోతే

కంగారుపడి అన్ని సెట్టింగులూ ఒకేసారి మార్చకండి. తర్వాత ఏది పనిచేసిందో తెలియదు, దేన్ని వెనక్కి మార్చాలో తెలియదు. ముందు ఒక్క పరీక్ష చేయండి: కంప్యూటర్ పేరు బదులు దాని ఐపీ నంబర్ టైపు చేయండి. రెండు బ్యాక్‌స్లాష్‌లు, 192.168.1.5 లాంటి నంబర్, ఎంటర్.

నంబర్‌తో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే షేరింగ్ అంతా బాగానే ఉంది, పేరుని వెతికే దగ్గరే తేడా. ఫైళ్లు ఉండే కంప్యూటర్లో 'సర్వీసెస్' తెరిచి 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' అనే సర్వీసుని 'ఆటోమేటిక్' చేసి స్టార్ట్ చేయండి. నెట్‌వర్క్ జాబితాలో కంప్యూటర్ కనబడకపోవడానికి ఇది ఆగిపోయి ఉండటం మామూలు కారణం. అయినా కుదరకపోతే నంబర్‌నే వాడండి, తప్పేం లేదు. కాకపోతే రూటర్ ఇచ్చే నంబర్ ఎప్పుడైనా మారవచ్చు. రూటర్ సెట్టింగ్స్‌లో 'అడ్రస్ రిజర్వేషన్' అనే ఆప్షన్‌తో ఆ కంప్యూటర్‌కి ఎప్పుడూ అదే నంబర్ వచ్చేలా చేయండి. ఆ కంప్యూటర్ వైఫై మీద ఉంటే దాని వైఫై సెట్టింగ్స్‌లో 'ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్' ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే రూటర్ దాన్ని గుర్తుపట్టలేకపోవచ్చు.

నంబర్‌తో కూడా తెరుచుకోకపోతే, "నెట్‌వర్క్ పాత్ దొరకలేదు" అనే అర్థంలో ఎర్రర్ వస్తే, దారి ఎక్కడో మూసుకుంది. వరసగా చూడండి. ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉందా, నెట్‌వర్క్ రకం మళ్లీ పబ్లిక్‌కి మారిందా, విడిగా వేసుకున్న యాంటీవైరస్ తన సొంత ఫైర్‌వాల్ నడుపుతోందా, రూటర్లో 'ఏపీ ఐసొలేషన్' లాంటిది ఆన్ అయి ఉందా. ఈ చివరిది వైఫై మీదున్న పరికరాలను ఒకదాన్నొకటి చూడనివ్వదు. విండోస్ ఫైర్‌వాల్‌ని పూర్తిగా ఆపేయమనే సలహా కనిపిస్తే పట్టించుకోకండి. ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే దానికి కావాల్సిన 445 పోర్టుని (నెట్‌వర్క్ మీద ఆ నంబర్ దారిని) విండోసే ప్రైవేట్ నెట్‌వర్క్‌కి తెరుస్తుంది.

పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా మళ్లీ మళ్లీ అడుగుతుంటే, ఎప్పుడో సేవ్ అయిన పాతది అడ్డుపడుతోందేమో చూడండి. రెండో కంప్యూటర్ కంట్రోల్ ప్యానెల్‌లో 'క్రెడెన్షియల్ మేనేజర్', అందులో 'విండోస్ క్రెడెన్షియల్స్' తెరిచి ఆ కంప్యూటర్ పేరుతో ఉన్నవి తీసేసి మళ్లీ ప్రయత్నించండి. ఒకే కంప్యూటర్‌కి ఒకేసారి రెండు వేర్వేరు యూజర్‌నేమ్‌లతో కనెక్ట్ అవ్వడం కూడా విండోస్ ఒప్పుకోదు. అలాంటి ఎర్రర్ వస్తే సైన్ అవుట్ చేసి మళ్లీ సైన్ఇన్ అవ్వండి.

పాత పరికరాల దగ్గర ఇంకో సలహా వినిపిస్తుంది: 'ఎస్ఎంబి 1 ఆన్ చేయండి' అని. వద్దు. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన వానాక్రై ర్యాన్సమ్‌వేర్ ఆ పాత వెర్షన్‌లోని లోపం మీదే వ్యాపించింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో మైక్రోసాఫ్ట్ దాన్ని పెట్టడం మానేసింది. ఎస్ఎంబి 1 తప్ప ఇంకేదీ తెలియని రూటర్ యూఎస్‌బీ పోర్టు గానీ, పాత నెట్‌వర్క్ డిస్క్ గానీ ఉంటే, ఫైళ్లు అందులోంచి తీసేసి దాన్ని పక్కన పెట్టడమే మేలు.

మ్యాక్, లినక్స్ ఉన్న ఇంట్లో

మ్యాక్ నుంచి విండోస్ ఫోల్డర్ తెరవాలంటే ఫైండర్‌లో కమాండ్, కె కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో ఎస్, ఎం, బి అక్షరాలు, కోలన్, రెండు ఫార్వర్డ్ స్లాష్‌లు, తర్వాత ఐపీ నంబర్ టైపు చేయండి. ఇక్కడ స్లాష్ (/) కుడివైపు వాలుతుంది, విండోస్‌లో (\) ఎడమవైపు. చాలామంది తడబడేది ఇక్కడే.

ఫైళ్లు మ్యాక్‌లో ఉంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'జనరల్', అందులో 'షేరింగ్' తెరిచి 'ఫైల్ షేరింగ్' ఆన్ చేయండి. 'యూజర్స్ అండ్ గ్రూప్స్'లో 'షేరింగ్ ఓన్లీ' అనే ఖాతా రకమే ఉంది, మనం విండోస్‌లో చేసినదానికి అది సరిగ్గా సరిపోతుంది. ఫైల్ షేరింగ్ 'ఆప్షన్స్'లో 'విండోస్ ఫైల్ షేరింగ్' కింద ఆ ఖాతా పేరు పక్కన టిక్ పెట్టడం మర్చిపోకండి. ఆ టిక్ లేకపోతే విండోస్ నుంచి పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా రానివ్వకపోవచ్చు.

లినక్స్‌లో ఈ పని చేసేది సాంబా అనే ప్రోగ్రామ్. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: సాంబా పాస్‌వర్డ్ వేరు, లినక్స్ లాగిన్ పాస్‌వర్డ్ వేరు. యూజర్‌ని చేశాక సాంబా పాస్‌వర్డ్ కమాండ్‌తో విడిగా పెట్టాలి.

వేగం

నెమ్మదిగా ఉందని ఇంటర్నెట్ ప్లాన్ మార్చకండి, దానికీ దీనికీ సంబంధం లేదు. 100 మెగాబిట్ కేబుల్ లింక్ మీద సెకనుకి 11 మెగాబైట్ల దాకా వస్తుంది. 10 జీబీ పోవడానికి పావుగంట. గిగాబిట్ లింక్ అయితే సెకనుకి 110 మెగాబైట్ల దాకా, అదే 10 జీబీ ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. ఒక్క జత తెగినా లింక్ గిగాబిట్ నుంచి 100కి పడిపోవచ్చు. వేగం సరిగ్గా 11 దగ్గర ఆగిపోతుంటే ముందు కేబుల్ మార్చి చూడండి.

రెండు కంప్యూటర్లూ వైఫై మీదే ఉంటే ఫైలు ఒకసారి రూటర్‌కి, మళ్లీ రూటర్ నుంచి, రెండుసార్లు గాలిలో ప్రయాణిస్తుంది. ఒక్క కంప్యూటర్‌ని కేబుల్‌కి మార్చినా తేడా బాగా కనిపిస్తుంది. వేల చిన్న ఫైళ్లు కాపీ చేయాలంటే ముందు జిప్ చేసి పంపండి.

చెరిపే ముందు ఆగండి

ఇంట్లో అందరికీ ఇది తప్పకుండా చెప్పండి. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఫైలు డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. డిలీట్ చేసిన కంప్యూటర్ బిన్‌లోనూ ఉండదు, ఫైళ్లున్న కంప్యూటర్ బిన్‌లోనూ ఉండదు. కాబట్టి షేర్డ్ ఫోల్డర్‌ని బ్యాకప్ అనుకోకండి. వారానికోసారైనా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ తీసి, డిస్క్‌ని విడదీసి దాచండి. కనెక్ట్ అయి ఉన్న డిస్క్‌ని ర్యాన్సమ్‌వేర్ వదలదు.

అలాగే బయటి నుంచి ఇంటి ఫైళ్లు చూడాలని రూటర్లో 445 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరవకండి. అంత అవసరం ఉంటే ఇంటికి వీపీఎన్ పెట్టుకుని దాని ద్వారా రండి.

ఏయే ఫోల్డర్లు షేర్ అయి ఉన్నాయో అప్పుడప్పుడు చూసుకోండి. 'కంప్యూటర్ మేనేజ్‌మెంట్'లో 'షేర్డ్ ఫోల్డర్స్' కింద 'షేర్స్' తెరిస్తే జాబితా వస్తుంది. పేరు చివర డాలర్ గుర్తు ఉన్నవి విండోస్ సొంతంగా పెట్టుకున్నవి, వాటిని కదపకండి. మీరు పెట్టినవాటిలో ఇక అక్కర్లేనిది ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి 'స్టాప్ షేరింగ్' నొక్కండి. షేరింగ్ మాత్రమే ఆగుతుంది, ఫోల్డర్, అందులోని ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి.